చెల్లెలి పలువరస

కొందరు మనిషి కనబడగానే మొహం చూస్తారు. కొందరు చీర చూస్తారు, కొందరు మెడలో ఏముందో చూస్తారు. సరళ పళ్లు చూస్తుంది. ఎదుటివాళ్లు నోరు తెరిచేదాకా వాళ్ల మీద ఆమెకు ఏ అభిప్రాయమూ కుదరదు. బస్సులో పక్క సీటావిడ చెరుకు ముక్క నములుతుంటే చూస్తూ కూర్చుని, దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కి నడిచొచ్చిన రోజులున్నాయి. వీధికుక్క బొక్క కొరుకుతుంటే నిలబడి, దీనికేం తక్కువ అనుకున్న రోజులూ ఉన్నాయి. వినేవాళ్లకు నవ్వొస్తుంది. రావాల్సిందే మరి, ముప్పై రెండూ నోట్లో ఉన్నవాళ్లకు.

అందరి పళ్లూ ఒక ఎత్తు, చెల్లెలు ప్రమీల పళ్లు ఒక ఎత్తు. సరళ జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న భీమ్లాతండాలో అంగన్‌వాడీ టీచర్. ప్రమీల అదే తండాలో కోటేష్ భార్య. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే తండాకు కోడళ్లయ్యారు, మధ్యలో నాలుగే ఇళ్లు. ప్రమీల నవ్విందంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే రకం కాదు. మిర్చి చేలో ఆ చివర నవ్వితే ఈ చివర తెల్లగా కనిపిస్తుంది. ఆ నవ్వు కనిపించిన రోజు సరళకు అన్నం సహించదు.

సరళ కూడా పళ్లు లేకుండా పుట్టిన మనిషేం కాదు. అందరు పిల్లల్లాగే ఆమెకూ పాలపళ్లు వచ్చాయి. కానీ రెండో ఏట అరచేతులూ అరికాళ్లూ ఎర్రబడి, చర్మం మందమై, చలికాలం వచ్చేసరికి నెర్రెలిచ్చాయి. నాలుగో ఏట చిగుళ్లు వాచి, నోరు వాసన కొట్టి, పళ్లు ఒక్కొక్కటే కదిలి రాలిపోయాయి. మళ్లీ వచ్చాయి. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేలోపు అవీ కదలడం మొదలుపెట్టాయి. పదో తరగతి పరీక్షలు రాసేనాటికి సరళ నోట్లో ఒక్క పన్ను లేదు.

పుట్టింటి తండాలో కారణాలకు కొదవా? కాళ్లెందుకు పగిలాయంటే చెప్పుల్లేకుండా అడవిలో తిరిగినందుకన్నారు. చేతులెందుకు ఎర్రబడ్డాయంటే మిర్చి ముట్టుకున్నందుకన్నారు. పళ్లెందుకు రాలాయంటే తల్లి ద్వాలి మొక్కు మరిచిపోయినందుకన్నారు. ద్వాలి పాపం ఏ మాటా కొట్టిపారెయ్యలేదు. కాళ్లకు వేపనూనె రాసింది, చిగుళ్లకు ఉప్పూ బొగ్గుపొడీ రుద్దింది, మొక్కు తీర్చింది. చేతుల ఎరుపు నలుగురికీ కనబడకుండా నెలకు రెండుసార్లు గోరింటాకు పెట్టింది. చేతులకు ఒక మందు, కాళ్లకు ఒక మందు, నోటికి ఒక మందు. మూడూ ఒకటే జబ్బని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఆ మాటకొస్తే సరళ అసలు కడుపుమంట పళ్లు పోయినందుకు కాదు, పక్కనే చెల్లెలికి ఉన్నందుకు. ఒకే తల్లి కడుపు, ఒకే కంచంలో తిండి. ఒకదానికి గంజి, ఇంకోదానికి పేలాలు. ప్రమీల పచ్చి జామకాయ కొరికిన చప్పుడు వినపడితే సరళ లేచి అవతలికి పోయేది. ఒకసారి చెల్లెలు నిద్రపోతుంటే నోట్లోకి తొంగి చూసి లెక్కపెట్టింది కూడా. ఇరవై ఎనిమిది ఉన్నాయి.

కోటేష్ సంగతి ఆ తరవాతది. అతను మేనమామ రెడ్యా కొడుకు. సరళ పుట్టిననాడే, ఇది మా ఇంటి కోడలని మామ అన్నాడు. పళ్లు పోయాక కూడా ఆ మాట మీదే ఉన్నాడు, అతని మంచితనం కాదనలేం. మాట ఖాయం చేసుకునేటప్పుడు నలుగురిలో బెల్లం పంచుకుని తినడం తండాల్లో ఆచారం. ఆ రోజు పెద్దమనుషులందరూ కూర్చున్నారు. అత్త బెల్లం ముక్క తీసి సరళ నోట్లో పెట్టింది. పాత బెల్లం, రాయిలా ఉంది. సరళ కొరకలేదు, మింగలేదు. దవడన పెట్టుకుని కరిగేదాకా చప్పరించాల్సిందే. పెద్దమనుషులు ఎదురుచూశారు. ఒకాయన దగ్గాడు. బెల్లం నీళ్లు పెదవి చివర నుంచి కారాయి. కోటేష్ నవ్వాడు.

ఆ నవ్వుతోనే అంతా తారుమారైంది. అత్త లేచి, తలుపు దగ్గర నిలబడ్డ ప్రమీల చేతిలో ఇంకో ముక్క పెట్టింది. ప్రమీలకు పద్దెనిమిదేళ్లు, ఏం జరుగుతోందో సగమే తెలుసు. ఆ ముక్కను కటుక్కున కొరికింది. చిన్నదాన్ని ఇస్తారా అని అత్త అడిగింది. ఇచ్చారు. ప్రమీల చేసిన నేరం ఏమిటని ఎవరైనా అడగొచ్చు. ఇచ్చిన బెల్లం తిన్నది, అంతే. కానీ సరళ ఆ కటుక్కుమన్న చప్పుడును పదేళ్లుగా క్షమించలేదు.

ప్రమీల పెళ్లికి జనాన్ని ఆటోలో దింపడానికి వచ్చిన ధన్‌సింగ్, పందిట్లో ఎవరికీ కనపడకుండా మూలన కూర్చున్న పెళ్లికూతురి అక్కను చూశాడు. నాలుగు నెలలకు సంబంధం అడగడానికి వచ్చాడు. అతనిదీ భీమ్లాతండానే. చుట్టం కాదు, పక్కం కాదు. నిదానం మనిషి. పెళ్లయిన ఏడాదిలోపే సరళను ఖమ్మం తీసుకుపోయి పళ్ల సెట్టు కట్టించాడు. జాలిపడి చేసుకున్నాడని సరళ లోపల్లోపల అనుకుంటూనే ఉంటుంది. పదేళ్లు కాపురం చేసిన మనిషి మీద అంత చిన్నమాట అనుకోవడం అన్యాయమే. అసూయ ముదిరిన మనిషికి తన చేతిలో ఉన్నది ఆనదు.

ఆ ఖమ్మం దవాఖానాలోనే సరళకు మొదటిసారి అసలు సంగతి తెలిసింది. పళ్ల డాక్టరమ్మ ఆమె నోరు చూసి, ఏదో గుర్తొచ్చినట్టు అరచేతులు తిప్పి చూసింది, చెప్పులు విప్పించి మడమలు చూసింది. ఈ మూడూ ఒకటే జబ్బమ్మా అంది. పాపిలాన్ లెఫీవర్ అని కాగితం మీద రాసిచ్చింది. లక్షల్లో ఒకరికి వస్తుందట, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు వైపులా దాగి ఉంటేనే బయటపడుతుందట. మీ అమ్మానాన్నలది మేనరికమా అని అడిగింది. అవునంది సరళ. మీది? కాదంది. అయితే నీ పిల్లలకు భయపడేది లేదులే అంది డాక్టరమ్మ.

పోతూపోతూ ఇంకో మాట చెప్పింది. నాలుగైదేళ్ల వయసులో తీసుకొచ్చి ఉంటే, కదిలే పాలపళ్లు తీసేసి, నోరు శుభ్రం చేసి, మందులు వాడి, నెలనెలా చూసుకుంటూ ఉంటే, తరవాత వచ్చే పళ్లలో కొన్నయినా నిలిచేవేమోనని. సరళ ఆ మాట ధన్‌సింగ్‌కు కూడా చెప్పలేదు. కాగితం పెట్టె అడుగున పెట్టింది.

ఆ తరవాత సరళకు కూతురు పుట్టింది. పళ్లు వచ్చాయి, సమయానికి ఊడాయి, మళ్లీ గట్టివి వస్తున్నాయి. ప్రమీలకు ఆరేళ్లపాటు పిల్లల్లేరు. ఆ ఆరేళ్లు సరళకు కాస్త తెరిపిగా ఉందని చెప్పకతప్పదు. తరవాత ప్రమీలకూ ఆడపిల్ల పుట్టింది. చందన అని పేరు పెట్టారు. తల్లి పోలికే, నవ్వితే ఊరంతా వెలుగు. ఆ పిల్ల మూడేళ్లు నిండి అంగన్‌వాడీకి వచ్చిన రోజు సరళ పేరు రాసుకుని, లోపలికి పంపి, చెల్లెలితో రెండు ముక్కలు మాట్లాడి ఊరుకుంది.

చందన చేతులకు ఎప్పుడూ గోరింటాకు ఉండేది. ప్రమీల షోకులు ప్రమీలవి అనుకుంది సరళ. ఆయా గంగక్క మాత్రం ఒకరోజు, ఎక్కడైనా గోరింటాకు పది రోజులకు వెలుస్తది, ఈ పిల్లది వెలవదేందని నవ్వింది. సరళ నవ్వలేదు. మధ్యాహ్నం అన్నానికి ముందు పిల్లలందరి చేతులు కడిగించడం ఆమె పని. చందన వంతు వచ్చినప్పుడు సబ్బు రాస్తూ ఆ చిన్న అరచేయిని తడిమింది. తన అరచేతికి తెలియదు, అది ఎప్పుడో మొద్దుబారింది. అందుకని చెయ్యి తిప్పి వెనక వైపుతో తడిమింది. పిల్ల అరచేయి మందంగా, గరుగ్గా ఉంది.

అన్నాల దగ్గర చూసింది. చందన గుడ్డులో పచ్చసొన తిని తెల్లది వదిలేసింది. ముద్ద నమలకుండా మింగుతోంది. దగ్గరికి పిలిచి, ఏమీ తెలియనట్టు మొహం దగ్గర మొహం పెట్టి, ఏం పాట పాడావని అడిగింది. పిల్ల నోరు తెరిచింది. ఆ వాసన సరళకు తెలుసు. పదేళ్లకు పైగా తన నోట్లో మోసిన వాసన అది.

ఇక్కడ అబద్ధం చెప్పి లాభం లేదు. సరళకు మొదట కలిగింది జాలి కాదు. గుండెలో ఏదో చల్లబడింది. బెల్లం ముక్క గుర్తొచ్చింది. కోటేష్ నవ్వు గుర్తొచ్చింది. మేనరికమని ఎగబడి చేసుకున్నారుగా, ఇప్పుడు చూసుకోండి అనుకుంది. ఆ రోజు ఇంటికి పోయి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నది. ధన్‌సింగ్ ఆశ్చర్యపోయి ఇంకోటి వేశాడు.

మరునాడు పొద్దున్నే ఆ చల్లదనం కింద ముల్లు గుచ్చుకోవడం మొదలైంది. డాక్టరమ్మ చెప్పిన వయసు ఇంకా దాటలేదు. తండాలో ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె నోరు విప్పితే ఈ పిల్లకు రేపు వచ్చే పళ్లు నిలవొచ్చు. విప్పకపోతే ఈ పిల్ల కూడా పదో తరగతికి బోసినోటితో పోతుంది. ఇందులో తెలియనిదేమీ లేదు. చెప్పాలి. చెప్తాను, రేపు చెప్తాను అనుకుంది.

రేపు వచ్చేది, పోయేది. చెప్దామని బయల్దేరిన ప్రతిసారీ ప్రమీల ఎక్కడో ఒకచోట నవ్వుతూ కనిపించేది, సరళ కాళ్లు వెనక్కి తిరిగేవి. నాకెవరు చెప్పారు, నా కోసం ఎవరు పరిగెత్తారు అని తనకు తాను వాదించుకునేది. తల్లికి కనిపించదా, దానికి కళ్లు లేవా అనేది. నెలాఖరున పిల్లలను తూచింది. చందన ముప్పావుకిలో తగ్గింది. బరువు రాసింది, పక్కన కారణం రాయాల్సిన గడి ఖాళీగా వదిలేసింది. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఆమె ఖాళీగా వదిలిన గడి అదొక్కటే.

ఆ తరవాత చందన రావడం మానేసింది. జ్వరమని కబురు. వారం గడిచింది, పది రోజులు గడిచాయి. రాని పిల్లల ఇంటికి టీచరు పోయి చూడాలి, అది రూలు. సరళ పిల్ల వంతు గుడ్లు కవర్లో వేసుకుని నాలుగిళ్లు నడిచింది. ఆ వాసన తగిలిన నాటి నుంచి లెక్క వేస్తే అది నలభయ్యో రోజు.

ప్రమీల వాకిట్లో కూర్చుని ఉంది. చందన ఒళ్లో పడుకుని మూలుగుతోంది. పక్కన గిన్నెలో ఉప్పునీళ్లు, నెత్తురంటిన దూది. ప్రమీల గుప్పిట మూసి ఉంది. అక్కను చూసి విప్పలేదు. సరళ ఎదురుగా కూర్చుని ఆ గుప్పిట విప్పింది. లోపల రెండు పాలపళ్లు ఉన్నాయి, వేర్లతో సహా ఊడొచ్చినవి.

“ఇది నాకొచ్చిందే ప్రమీల,” అంది సరళ.

“తెల్సక్కా.”

“ఎప్పటిసంది?”

“నడక నేర్చినప్పటిసంది. మడిమెలు చూసి గుర్తుపట్టిన. అమ్మ నీకు చేసినట్టే చేతులకు గోరింటాకు పెట్టుకుంట వచ్చిన.”

తను కనిపెట్టానని నలభై రోజులుగా దాచుకున్నది, ఆ తల్లి రెండేళ్లుగా దాచుకుంటోంది. కోటేష్‌కు కూడా చెప్పలేదట, అత్తకు అసలే తెలియదట. మరి నాకెందుకు చెప్పలేదు, నేను ఖమ్మం పోయొచ్చిన దాన్నే కదా అని సరళ అడిగింది.

ప్రమీల పిల్ల తల నిమురుతూ చెప్పింది. “చెప్తే నువ్వు సంబరపడ్తవనుకున్న.”

కొట్టినా బాగుండేది. ఛ, నేనట్లాంటిదాన్నా అనడానికి సరళ నోరు తెరిచింది. రెండు రొట్టెలు ఎక్కువ తిన్న రాత్రి గుర్తొచ్చి మూసింది. ప్రమీల ఆగలేదు. ఇంకా ఉంది ఆమె దగ్గర.

“నీ బిడ్డ మా అరుగు మీద కూసోని మక్కకంకి కొరుకుతుంటే నేను తలుపేసుకున్నక్కా. ఏడుపొచ్చి కాదు. ఓర్వలేక. దాని పళ్లూడితే బాగుండనుకున్న. గట్ల కూడ అనుకున్న నేను.”

ప్రమీల, తన మీద. పలువరస ఉన్నది, లేనిదాని మీద. జీవితమంతా ఒక వైపే కాలుతుందనుకున్న మంట అటువైపు కూడా అంటుకుని ఉందని తెలిస్తే సరళకు తీపిగా ఉండాల్సింది. ఉండలేదు. చిన్నప్పుడు చప్పరించి చప్పరించి మింగిన గంజిలా వెగటుగా ఉంది. ఏదో ఒకటి నిజం చెప్పకపోతే అక్కడి నుంచి లేవలేననిపించింది.

“సంబరపడ్డ,” అంది. “నలభై దినాలాయె నాకు తెల్సి. పడ్డ.”

ఆ తరవాత డాక్టరమ్మ అన్న మాటలన్నీ ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఏ వయసులో పోవాలో, పోతే ఏం మిగలొచ్చో, పోకపోతే ఏమవుతుందో. ప్రమీల వింటూ వింటూ మొహం ఎత్తి అడిగింది.

“గీ నలభై దినాలల్ల నా బిడ్డకు ఎన్ని పోయినయ్?”

“పాలపళ్లు ఎట్లయినా పోతయ్. వచ్చేటియి చూసుకోవాలె. ఇంకా టైం దాటలే.”

ప్రమీల కొట్టలేదు, తిట్టలేదు. గుడ్ల కవరు తీసుకుని లోపలికి పోయింది. పొద్దున బావను ఆటో తీయమను అని లోపలి నుంచే అంది. సరళ ఇంటికొచ్చి పెట్టె అడుగు నుంచి కాగితం తీసింది. ధన్‌సింగ్ దాన్ని చదివి, ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదని ఒక్కసారి అడిగి ఊరుకున్నాడు. అతను రెండోసారి అడిగే మనిషి కాదు.

ఏన్కూరు, తల్లాడ, వైరా దాటి ఖమ్మం చేరేసరికి పదయింది. అదే డాక్టరమ్మ, కాస్త జుట్టు నెరిసింది. కాగితం చూసి గుర్తుపట్టింది. చందనను కుర్చీలో కూర్చోబెట్టారు. లైటు మొహం మీదికి రాగానే పిల్ల నోరు బిగించేసింది. ప్రమీల బతిమాలింది, బెదిరించింది. నర్సు బొమ్మ చూపించింది. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని తల అడ్డంగా తిప్పుతోంది. పావుగంటైంది. ఇంకోరోజు తీసుకురమ్మని డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పబోయింది. ఇంకోరోజు ఎట్లా వస్తుందో సరళకు తెలుసు. మిర్చి కోతలు మొదలవుతాయి, అత్త వద్దంటుంది, రేపు రేపంటూ ఏడాది పోతుంది.

సరళ కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది. చందనా, ఇటు చూడమంది. పై సెట్టు తీసి అరచేతిలో పెట్టుకుంది. కింది సెట్టు కూడా తీసింది. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం పైకొచ్చి, ముప్పై ఏళ్ల మనిషి ఒక్క క్షణంలో ముసలిదైంది. ధన్‌సింగ్ ముందు కూడా ఆమె గోడ వైపు తిరిగి తీసేది. ప్రమీల ఆ మొహాన్ని సెట్టు కట్టించిన నాటి నుంచి చూడలేదు. పిల్ల మూసుకున్న చేతులు దించి, ఆ పళ్లను చూసి, పెద్దమ్మ నోటిని చూసి, ఆశ్చర్యంతో నోరు వెళ్లబెట్టింది. డాక్టరమ్మ చిన్న అద్దం లోపలికి పోనిచ్చింది.

చాలాసేపు చూసింది. ఎక్స్‌రే తీయించింది. మిగిలిన పాలపళ్లు తీసేయాలంది. మందులు రాసింది, చేతులకూ కాళ్లకూ చర్మం డాక్టరు దగ్గరికి పంపింది. తరవాత వచ్చే పళ్లు ఇంకా చిగురు దాటలేదని, నెలనెలా తప్పకుండా తీసుకురావాలని చెప్పింది. గ్యారంటీ ఇవ్వలేనంది. “కానీ టైముకు తెచ్చారమ్మా. ఈ జబ్బున్న పిల్లల్ని ఇంత తొందరగా ఎవరూ తీసుకురారు. ఎవరు గుర్తుపట్టారు?” అని అడిగింది.

ప్రమీల అక్క వైపు చూపించింది. ఏడుస్తూనే నవ్వింది, ఆ పలువరస మొత్తం కనపడేట్టు. సరళ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. నర్సు అది చూసి ఇద్దరికీ నీళ్లిచ్చింది. అక్కాచెల్లెళ్లు కదా, సంతోషమనుకుంది.

సంతోషం ఉంది కొంచెం. కానీ సరళ చెల్లెలి నోటి వైపు చూడటం లేదు, మొదటిసారి. కుర్చీలో కాళ్లూపుతూ, ఇంకా రాని పళ్ల కోసం ఇంతమందిని పరుగెత్తించిన ఆ మూడున్నరేళ్ల పిల్లను చూస్తోంది. చూస్తుంటే పాత మంట మళ్లీ రాజుకుంది, ఎన్నడూ లేనంతగా. ఈ పిల్ల చేతులు తిప్పి చూసి, నోరు వాసన పట్టి, ఇది ఫలానా జబ్బని చెప్పడానికి ఒక పెద్దమ్మ ఉంది. తనకు లేకపోయింది.